మరణాన్ని వాయిదా వేసే సంస్కృతి

వృద్ధాప్యం, రోగం, మరణం మనిషి తలవంచక తప్పని హద్దులు కావనీ, విజ్ఞాన సాంకేతికతల సాయంతో వాటిని దాటవచ్చనీ, దాటడం అవసరమనీ వాదించే ఆలోచనాధారను ట్రాన్స్‌హ్యూమనిజం అంటారు. బ్రిటిష్ జీవశాస్త్రవేత్త జూలియన్ హక్స్‌లీ 1957లో ఈ పేరుతో వ్యాసం ప్రచురించగా, 1998లో నిక్ బోస్ట్రమ్, డేవిడ్ పియర్స్ కలిసి ఈ భావాలవారికి ఒక ప్రపంచ సంఘాన్ని స్థాపించారు. ఆచారాలను దాటి శుద్ధ విజ్ఞానం వైపు సాగుతున్నామని ఈ ఉద్యమంలో చాలామంది భావిస్తారు. అయితే జనసమూహాల నమ్మకాలను, బంధుత్వాలను, కర్మకాండలను వారి మధ్యనే ఉండి పరిశీలించే సాంస్కృతిక మానవశాస్త్రం దీన్ని కూడా ఒక సంస్కృతిగానే చూస్తుంది.

భవిష్యత్తులో వైద్యం తిరిగి బతికించగలదన్న ఆశతో మృతదేహాన్ని అతిశీతలంలో భద్రపరిచే క్రయోనిక్స్ పద్ధతి ఇందుకు చక్కని ఉదాహరణ. చట్టప్రకారం మరణం ధ్రువపడగానే దేహాన్ని చల్లబరచి, రక్తం స్థానంలో మంచు స్ఫటికాలు ఏర్పడకుండా కాపాడే రసాయనాన్ని ఎక్కించి, మైనస్ 196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉండే ద్రవ నైట్రోజన్‌లో నిలువ చేస్తారు. ఒకవేళ నైట్రోజన్ తగ్గినా మెదడు చివరిదాకా చల్లగా ఉండాలని దేహాన్ని ఉక్కు పాత్రలో తలకిందులుగా నిలబెడతారు. 1967 జనవరి 12న ఇలా భద్రపరచిన అమెరికన్ ఆచార్యుడు జేమ్స్ బెడ్‌ఫోర్డ్ దేహం నేటికీ అరిజోనాలోని ఆల్కార్ సంస్థలో ఉంది. ఆ సంస్థ దృష్టిలో ఆయన మృతుడు కాడు, రోగి.

ఇండోనేషియాలోని సులవేసి దీవిలో నివసించే తొరాజా ప్రజలు కూడా అంత్యక్రియలు జరిగేదాకా మృతుణ్ణి రోగిగానే పరిగణించి, దేహాన్ని నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి ఇంట్లోనే ఉంచి, భోజనం పెడుతూ, పలకరిస్తూ ఉంటారు. మరణం ఒక్క క్షణంలో ముగిసే ఘటన కాదనీ, సమాజం దశలవారీగా పూర్తిచేసే ప్రక్రియ అనీ ఫ్రెంచ్ పండితుడు రాబర్ట్ హెర్ట్జ్ 1907లోనే వాదించాడు. మృతుణ్ణి ప్రేతస్థితి నుంచి పితృదేవతల సరసన చేర్చే సపిండీకరణంలోనూ ఈ క్రమమే కనిపిస్తుంది.

పోలిక ఎంత బలమైనదో తేడా కూడా అంతే లోతైనది. తొరాజా మృతుడి నిరీక్షణను బంధువులు పోషిస్తారు, దున్నపోతుల బలితో సాగే ఉత్సవం దానికి ముగింపు పలుకుతుంది. క్రయోనిక్స్ నిరీక్షణను సంస్థతో కుదుర్చుకున్న ఒప్పందం, తరచుగా జీవితబీమా సొమ్ము పోషిస్తాయి, దానికి గడువంటూ లేదు. మనిషి సారమంతా మెదడులోని సమాచారమే అన్న విశ్వాసంతో తలను మాత్రమే భద్రపరచుకునేవారూ ఉండడం, వ్యక్తిని బంధాల నుంచి విడదీసి చూసే దృష్టికి పరాకాష్ఠ. దీనికి భిన్నంగా రష్యన్ తాత్వికుడు నికొలాయ్ ఫ్యోదొరొవ్ (1829–1903), విజ్ఞానం ద్వారా పూర్వీకులందరినీ పునరుజ్జీవింపజేయడం సంతానం ఉమ్మడి బాధ్యత అని బోధించాడు. అమరత్వాన్ని ఒకరు సొంత ఆస్తిగా, మరొకరు పితృరుణంగా ఊహించారంటే, ఆ కల కూడా సంస్కృతి నుంచి పుట్టినదేనని స్పష్టమవుతుంది.

సాంకేతికత ఆయుష్షును పెంచగలిగినా, ఆ ఆయుష్షు ఎవరితో కలిసి, ఎవరికోసం అన్న ప్రశ్నకు సమాధానం చెప్పవలసింది సమాజమే గనుక, ఈ చర్చను ప్రయోగశాలలకూ సంపన్నులకూ వదిలిపెట్టకుండా సామాన్యులు కూడా చేపట్టాలి.