గళ్లనుడికట్టులో చరిత్ర ఆధారాలు

చరిత్ర బాగా చదివిన విద్యార్థి కూడా గళ్లనుడికట్టు దగ్గర తడబడటం చూస్తుంటాం. విషయం తెలియక కాదు, తెలిసినదాన్ని గళ్లు అడిగిన రూపంలో గుర్తుకు తెచ్చుకోలేక. ఆ రూపాన్ని పట్టుకోవడం ఎలాగో ఈ భాగంలో పరిశీలిద్దాం.

1913 డిసెంబరు 21న న్యూయార్క్ వరల్డ్ పత్రికలో ఆర్థర్ విన్ కూర్చినదాన్ని ఆధునిక క్రాస్‌వర్డ్‌లలో మొదటిదిగా చెబుతారు. తెలుగులో శ్రీశ్రీ, ఆరుద్ర వంటి కవులే ఈ ఆటకు పూనుకున్నారు. ఇంగ్లీషులో ఒక గడికి ఒక లెటరు. మనకు గుణింతం, ఒత్తు, సున్న అన్నీ కలిసిన పూర్తి అక్షరం ఒక గడి. "ఎటు చదివినా మారని తెనాలి వాడు (5)" అన్న ఆధారానికి జవాబు వికటకవి. ఈ చమత్కారం అక్షరాల లెక్కలోనే సాధ్యం. అదే మాటను ఇంగ్లీషు లిపిలో రాసి తిరగేస్తే పొసగదు.

ఇప్పుడు ఈ ఆధారం చూడండి: "1687లో ఔరంగజేబు వశమైన కోట (4)". జవాబు అందరికీ తెలుసు. కానీ 'గోల్కొండ' అని రాస్తే మూడు గళ్లే నిండుతాయి. నాలుగు కావాలంటే 'గోలకొండ' అనాలి. రెండు రూపాలూ వాడుకలో ఉన్నాయి కాబట్టి కూర్పరిని తప్పుపట్టలేం. బ్రాకెట్లోని అంకె ఆధారంలో భాగమే, దాన్ని ముందే చదవాలి.

రూపాలే కాదు, పేర్లు కూడా మారుతాయి. కాకతీయుల రాజధాని నాలుగు గళ్లలో ఓరుగల్లు, ఏడు గళ్లలో ఏకశిలానగరం. విజయనగర పతనానికి దారితీసిన 1565 యుద్ధం నాలుగు గళ్లయితే తళ్లికోట. ఆరు గళ్లయితే రక్కసితంగడి కావచ్చు, రాక్షసితంగడి కావచ్చు. అప్పుడు అంకె చాలదు. మొదటి రెండు గళ్లలో ఏదో ఒకదాన్ని దాటుతున్న నిలువు పదం దొరికేదాకా పెన్సిలుతోనే రాయాలి. పరీక్ష కోసం ఒక్క పేరే బట్టీపట్టిన వారికి ఇక్కడే చిక్కు. చదివేటప్పుడే ఒక ఊరికి, యుద్ధానికి, రాజుకు ఉన్న ఇతర పేర్లను పక్కన రాసుకునే అలవాటు చేసుకోండి. అది చరిత్ర వ్యాసాలు చదివేటప్పుడూ అక్కరకొస్తుంది, ఎందుకంటే ఒక్కో రచయిత ఒక్కో పేరు వాడతాడు.

ఆధారం వ్యాకరణాన్ని కూడా గమనించాలి. "ఓరుగల్లును ఏలిన వంశం" అంటే కాకతీయ, "ఏలినవారు" అంటే కాకతీయులు. పొల్లు అక్షరం సంగతి కూర్పరి అలవాటును బట్టి ఉంటుంది. కుతుబ్‌షాహీలు అన్న మాటలో 'బ్'కు వేరే గడి ఇస్తే ఆరు, తరువాతి అక్షరంతో కలిపి ఒత్తుగా రాస్తే అయిదు. ఒకే కూర్పరివి నాలుగైదు పూరిస్తే ఆ పద్ధతి తెలిసిపోతుంది.

ఫోనులో వెతకవచ్చా అని కొందరు అడుగుతారు. వెతకండి, కానీ అడ్డం, నిలువు రెండూ కలిపి ఊహించి రాసుకున్న తరువాత, సరిచూసుకోవడానికి మాత్రమే. ముందే వెతికితే మిగిలేది చేతిరాత పని.

అభ్యాసం: "2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరిన కాకతీయుల ఆలయం". మూడు గళ్లకు ఒక జవాబు, నాలుగు గళ్లకు మరొకటి రాయండి.