హావెల్ శిల్పవిమర్శము – దానికిఁ గలిగిన ఆదరానాదరములు

భారతీయశిల్పమును గూర్చి ఆంగ్లభాషయందు వ్రాసినవారిలో ఎర్నెస్టు బిన్‌ఫీల్డు హావెల్ (1861–1934) తీవ్రమైన వివాదములకు గుఱియైనవాఁడు. మన పండితులు కొందఱు అతనిని శిల్పశాస్త్రోద్ధారకుఁడని కొనియాడుదురు. చారిత్రకులు కొందఱు అతని గ్రంథములు భావావేశజన్యములని త్రోసివేయుదురు. ఈ రెండు తీర్పులును అతని వాదములను వేఱువేఱుగాఁ బరీక్షింపకయే చేయఁబడినవని నాకుఁ దోఁచుచున్నది.

హావెల్ ఇంగ్లండులోని రెడింగు పట్టణమున జనించి, 1884 లో చెన్నపట్టణపు కళాపాఠశాలకు అధ్యక్షుఁడై వచ్చెను. అచటనే యీ దేశపు నేఁతవారి పనితనమును, చేతిపనివారి దుస్థితిని కన్నులారఁ గాంచెను. 1896 లో కలకత్తా కళాశాలకుఁ బోయి, అందలి గ్రీకుప్రతిమల అచ్చులను ఐరోపా చిత్రపటములను క్రమముగాఁ దొలఁగించి, మొగలు చిత్రములు మొదలగువానిని చేర్చెను. దీనిని మెచ్చవలసిన విద్యార్థులే తిరుగఁబడిరి. ఐరోపావిద్య మనకు దక్కకుండఁ జేయుటకే యీ పన్నుగడ యని వంగదేశపత్రికలు నిందించినవి. అనఁగా అతనికిఁ గలిగిన తొలి యనాదరము లండనులోఁ గాదు, ఇచటనే. అవనీంద్రనాథ ఠాకూరు మాత్రము అతనికిఁ దోడై 1905 లో ఆ కళాశాలకు ఉపాధ్యక్షుఁడయ్యెను.

1908 లో వెలువడిన ‘భారతీయ శిల్పచిత్రకళలు’ అను గ్రంథము వివాదమునకు మూలము. అంతకుముందు ఐరోపా పండితులలోఁ బెక్కండ్రకు గ్రీకుప్రతిమయే కొలబద్ద. గాంధారశిల్పము గ్రీకు పోలికలు గలది గావున నుత్తమమనియు, దానికి దూరమైనకొలఁది హీనమనియు వారి మతము. ఫెర్గుసన్ 1868 లో మన అమరావతి శిలాఫలకములను భారతీయశిల్పమునకుఁ బరాకాష్ఠగా గణించెను గాని, ఆ మెచ్చుకోలులోఁ గూడ యవనసంపర్కమను ఊహ దాఁగియే యున్నది. హావెల్ కొలబద్దనే కాదనెను. బుద్ధప్రతిమయందు కండలును నరములును కనఁబడకుండుట శిల్పి యజ్ఞానము గాదు. సన్నని నడుము, విశాలమైన భుజములు, నునుపైన మేను యోగియొక్క దివ్యదేహమును సూచించుటకై కోరి చేయఁబడినవని వాదించెను. ధ్యానశ్లోకములను నిత్యము పఠించు మనకు ఇది వింతగాదు. లండనులో మాత్రము పెద్దవింత.

1910 జనవరి 13 వ తేదీన లండనునందలి రాయల్ సొసైటీ ఆఫ్ ఆర్ట్సు సభలో హావెల్ ఒక వ్యాసమును చదివెను. అధ్యక్షుఁడు సర్ జార్జి బర్డ్‌వుడ్. ఈతఁడు బెళగాములోఁ బుట్టినవాఁడు. 1880 లో మన చేతిపనులను గొప్పగాఁ బొగడుచు నొక గ్రంథము వ్రాసినవాఁడు. మన చీరలను, లోహపాత్రలను అంతగా మెచ్చిన యీ పెద్దమనిషియే భారతదేశమున శిల్పచిత్రములు లలితకళలుగా నెన్నఁడును లేవనెను. ఎదుట నున్న జావాదేశపు ధ్యానిబుద్ధుని ఛాయాచిత్రమును జూపి, కొవ్వు కలిపి యుడికించిన పిండివంట కూడ ఆత్మశాంతికి ఇంతమాత్రపు చిహ్నము కాఁగలదని పరిహసించెను. ఫిబ్రవరి 28 వ తేదీన పదుమువ్వురు కళాకారులును విమర్శకులును బుద్ధప్రతిమ మహత్త్వమును గొనియాడుచు ‘టైమ్సు’ పత్రికలో లేఖ ప్రకటించిరి. విలియము రోతెన్‌స్టైన్, వాల్టరు క్రేన్ వారిలోనివారు. ఆ సంవత్సరమే ఇండియా సొసైటీ యేర్పడెను. ఒక్క పరిహాసవాక్యము హావెలునకుఁ జేసిన మేలు అతని గ్రంథముల పుటలన్నియుఁ జేయలేదేమో!

విన్సెంటు స్మిత్తు 1911 నాఁటి తన కళాచరిత్రమున వెనుకటి కాఠిన్యమును కొంత సడలించెను గాని బహుభుజమూర్తులయెడ నరుచిని విడువలేదు. అరవిందులు ‘ఆర్య’ పత్రికలో విలియము ఆర్చరునకుఁ బ్రత్యుత్తర మిచ్చుచు హావెలును ఆదరముతోఁ బేర్కొనిరి.

ఇఁక బలహీనస్థానములు. తాజమహలును వెనిసు పట్టణపువాఁడగు వెరోనియో నిర్మించెనన్న వదంతిని స్మిత్తు వంటివారు నమ్మఁగా హావెల్ ఖండించెను. ఆ ఖండనము నిలిచినది. కాని యంతటితో నాగక, దాని యైదుగుమ్మటముల కూర్పు హిందూశిల్పసంప్రదాయమునుండియే వచ్చెనని జావాలోని యాలయమును సాక్ష్యముగాఁ జూపెను. ఢిల్లీలోని హుమాయూను సమాధి కన్నులయెదుట నుండఁగా, తైమూరువంశీయుల నాఁటి పారసీక నిర్మాణపద్ధతిని విడిచి సముద్రము దాఁటి పోవలసిన పని యేమి? ఇంతకంటె మనవారు గమనింపవలసినది శుక్రనీతిసారము. శిల్పి దేవతామూర్తిని ధ్యానముననే సాక్షాత్కరించుకొనవలెనని చెప్పు ఆ గ్రంథమును హావెల్ ప్రమాణముగాఁ గైకొనెను. లల్లన్‌జీ గోపాల్ 1962 లో ఆ గ్రంథము పందొమ్మిదవ శతాబ్దపు రచన యని నిరూపింపఁబూనెను. ఆ మతమును అంగీకరించినచో గుప్తులనాఁటి శిల్పికి దానిని శాసనముగాఁ జెప్పుట యెట్లు పొసఁగును? మన పాఠశాలలలో ఆ శ్లోకములను పురాతనప్రమాణముగా నుదాహరించుట యింకను మానలేదు.

గాంధారవాదమును నిజముగాఁ గదలించినది ఆనందకుమారస్వామి. 1927 లో ఆయన మథురలోని యక్షవిగ్రహములను, బుద్ధప్రతిమలను ప్రక్కప్రక్కనఁ బెట్టి, బుద్ధమూర్తికి దేశీయమైన పూర్వరూప మున్నదని చూపెను. హావెల్ చెప్పిన ఫలితమునకు దగ్గఱయే. సాక్ష్యము మాత్రము వేఱు. 1977 లో పార్థమిత్రుఁడు మఱియొక దోషము నెత్తిచూపెను. ప్రతిశిల్పమునకు నొకే తత్త్వార్థము చెప్పినయెడల, అది యే కాలమున, ఎవరికొఱకు, ఏ యాలయమునఁ జేయఁబడినదను ప్రశ్నలు మఱుఁగుపడునని ఆయన యాక్షేపము. ఇది నాకు సమ్మతము.

చెన్నపట్టణపు ప్రదర్శనశాలలో నున్న అమరావతి చక్రఫలకమును జూడుఁడు. మదించిన నాలగిరి వీథిలోఁ బరుగెత్తుచున్నది. జనులు బెదరి చెల్లాచెదరగుచున్నారు. స్త్రీలు దగ్గఱివారిని గట్టిగాఁ బట్టుకొనుచున్నారు. పైనుండి గవాక్షములఁ దొంగిచూచువారు చూచుచున్నారు. అదే యేనుఁగు మఱియొక చోట బుద్ధునిపాదములకడ మోఁకరిల్లినది. బుద్ధునిమూర్తికి హావెల్ చెప్పిన యోగలక్షణము సరిపడునేమో గాని, ఈ భయమును, ఈ తొక్కిసలాటను ఆ శిల్పి ధ్యానమునఁ గాంచినట్లు నాకుఁ దోఁపదు. ధాన్యకటకపు వీథులలోఁ గాంచియుండును.