నేలను మెరిపించే ప్రొపేను యంత్రం

అమెరికాలోని పెద్ద పెద్ద సరుకుల దుకాణాలలో నేల అద్దంలా మెరుస్తూ ఉంటుంది. పైకప్పుకున్న దీపాలు ఆ నేలలో కూడా కనిపిస్తాయి. ఈ మెరుపు తడిగుడ్డతో తుడిస్తే వచ్చేది కాదు. కొనేవాళ్ళందరూ వెళ్ళిపోయాక, రాత్రిపూట, పనివారు ఒక యంత్రాన్ని తోసుకుంటూ నేలంతా తిరుగుతారు. దానికి కింద ఒక గుండ్రని మెత్త, పైన ఒక చిన్న ఇంజను, ఇంజను పక్కన అడ్డంగా పడుకోబెట్టిన ఒక సిలిండరు ఉంటాయి. ఆ సిలిండరులో ఉండేది ప్రొపేను వాయువు.

కప్పు కింద, నాలుగు గోడల మధ్య గ్యాసు ఇంజను నడపడమేమిటని మీకు అనుమానం రావాలి. ఈ వ్యాసమంతా ఆ అనుమానం గురించే.

ముందు మెరుపు సంగతి చూద్దాం. నేల మీద పూసిన పాలిష్ పొర జనం నడిచేకొద్దీ సన్నని గీతలు పడి గరుకవుతుంది. గరుకు తలం మీద పడిన కాంతి నాలుగు వైపులా చెదిరిపోతుంది. దీన్నే మీ పాఠాలలో అక్రమ పరావర్తనం అన్నారు. మెత్త వేగంగా తిరిగి రుద్దినపుడు పుట్టే వేడికి పాలిష్ పైపొర సాపు అవుతుంది, పరావర్తనం క్రమ పరావర్తనం అవుతుంది. వేగం ఎంతో మీరే లెక్క కట్టవచ్చు. అర మీటరు వ్యాసం ఉన్న మెత్త నిమిషానికి 2000 సార్లు తిరిగితే, దాని అంచు వేగం సెకనుకు 52 మీటర్లు, అంటే గంటకు 188 కిలోమీటర్లు. ఎక్స్‌ప్రెస్ రైలు కూడా అంత వేగంగా పోదు.

ఇంత పని కరెంటు చేయలేదా? చేస్తుంది కాని, ఆ దేశంలో మామూలు గోడ ప్లగ్గులో 120 వోల్టుల దగ్గర 15 ఆంపియర్లే వస్తాయి. గుణిస్తే 1800 వాట్లు. ఒక అశ్వసామర్థ్యం 746 వాట్లు గనుక అది రెండున్నర గుర్రాలకు కూడా చాలదు. ప్రొపేను ఇంజను పదిహేను గుర్రాల పని చేస్తుంది, పైగా వెనక తీగ ఈడ్చుకుపోయే బాధ లేదు. అందుకే పెద్ద దుకాణాల వాళ్ళు దానిని ఇష్టపడ్డారు. మన దగ్గర నేల శుభ్రం చేసే యంత్రాలు సాధారణంగా కరెంటువే. అయినా దీని కథ మనకూ పనికివస్తుంది, ఎందుకంటే మన వంటగ్యాసు కూడా ప్రొపేను, బ్యూటేనుల మిశ్రమమే.

ప్రొపేను అణువులో మూడు కార్బన్ పరమాణువులు, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువులు ఉంటాయి. అది సున్నాకు 42 డిగ్రీల దిగువనే మరుగుతుంది. మామూలు వేడిలో దానిని ద్రవంగా ఉంచాలంటే గట్టి సిలిండరులో బంధించి ఉంచాలి. 30 డిగ్రీల దగ్గర లోపలి పీడనం వాతావరణ పీడనానికి సుమారు పది రెట్లు. బయటకు వస్తే ఒక లీటరు ద్రవం దాదాపు 270 లీటర్ల వాయువు అవుతుంది. ఆ వాయువు గాలిలో రెండు శాతం దాటితే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది.

ఇక్కడ ఒక చిన్న కూడిక చేయండి. ప్రొపేను అణుభారం 44. గాలి సగటు అణుభారం 29. కాబట్టి కారిన ప్రొపేను గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు. అది పైకి లేచిపోదు. నేల మీద పాకుతుంది, మురుగు కాలువలలోకి, నేలమాళిగలలోకి దిగి అక్కడే నిలుస్తుంది. మన వంటింట్లో గ్యాసు వాసన వస్తే స్విచ్చి వేయవద్దని, కిటికీతో పాటు తలుపు కూడా బార్లా తెరవమని చెప్పేది అందుకే. ప్రొపేనుకు సొంతంగా వాసన లేదు. కుళ్ళిన ఉల్లి వంటి ఆ కంపు ఇథైల్ మెర్‌కాప్టాన్ అనే పదార్థాన్ని కలపడం వల్ల వస్తుంది. 1937 మార్చి 18న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో, న్యూ లండన్ అనే ఊరి బడి కింద వాసన లేని సహజ వాయువు చేరి పేలిపోయింది. దాదాపు మూడు వందల మంది, ఎక్కువగా పిల్లలే, చనిపోయారు. ఇంధన వాయువులో కంపు కలపాలన్న చట్టాలు ఆ తరువాతనే వచ్చాయి.

ఇప్పుడు సిలిండరు జాగ్రత్తలు మీకు సులభంగా అర్థమవుతాయి. దానిని ఎప్పుడూ 80 శాతం మించి నింపరు, ఎందుకంటే వేడికి ద్రవం వ్యాకోచిస్తుంది. చల్లటి ఉదయం నిండుగా పోసిన సిలిండరును వెచ్చని భవనంలోకి తెస్తే, ద్రవానికి చోటు చాలక రక్షణ కవాటం తెరుచుకుని వాయువు లోపలే బయటకు చిమ్ముతుంది. అడ్డంగా పెట్టే సిలిండరుకు ఒక గాడి ఉంటుంది. అది యంత్రం మీది మేకుకు సరిగ్గా కూర్చుంటేనే రక్షణ కవాటం ద్రవంలో మునగకుండా పైన వాయువున్న భాగంలో ఉంటుంది. కీళ్ళ దగ్గర కారుతోందేమో సబ్బునీళ్ళు పూసి చూస్తారు, అగ్గిపుల్లతో కాదు. పని అయ్యాక ముందు సిలిండరు కవాటం మూసి, గొట్టంలో మిగిలిన గ్యాసు మండిపోయి ఇంజను తనంతట ఆగేదాకా ఉంచుతారు. అట్లా కాక ముందే తాళం తిప్పి ఆపితే గొట్టం నిండా గ్యాసు మిగిలిపోతుంది. సిలిండరును భవనంలో నిలవ చేయరు. బయట, గాలి ఆడే ఇనుప జాలీ గూటిలో పెట్టి తాళం వేస్తారు.

ఇంతవరకు చెప్పినది వాసనతో హెచ్చరించే ప్రమాదం. నా దృష్టిలో అంతకన్న పెద్దది, హెచ్చరిక లేకుండా వచ్చే ప్రమాదం ఇంజను పొగగొట్టంలో ఉంది.

ఒక ఘనపరిమాణం ప్రొపేను పూర్తిగా మండడానికి ఐదు ఘనపరిమాణాల ఆక్సిజన్, అంటే సుమారు 24 ఘనపరిమాణాల గాలి కావాలి. అప్పుడు వచ్చేవి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి మాత్రమే. గాలి తగ్గితే కార్బన్‌కు కావలసినంత ఆక్సిజన్ దొరకదు. సగంలో ఆగిపోయి కార్బన్ మోనాక్సైడు అవుతుంది. ఈ యంత్రంలో గాలి తగ్గడం చాలా తేలిక. అది తిరిగేదే దుమ్ములో గనుక గాలి వడపోత త్వరగా పూడుకుపోతుంది. ఇంజనుకు చూడడానికి ఏ జబ్బూ ఉండదు, మెత్త తిరుగుతూనే ఉంటుంది, నేల మెరుస్తూనే ఉంటుంది.

ఎంత తేడా వస్తుందో లెక్క వేద్దాం. 20 మీటర్ల పొడవు, 15 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల ఎత్తున్న గదిలో 1200 ఘనపు మీటర్ల గాలి పడుతుంది. పనిచేసేవారు పీల్చే గాలిలో కార్బన్ మోనాక్సైడు ఎనిమిది గంటల సగటున పది లక్షల భాగాలకు 50 భాగాలు మించరాదని అమెరికా కార్మిక భద్రతా చట్టం చెబుతుంది. మన గదికి ఆ లెక్కన 60 లీటర్లు అవుతుంది. ఇంజను నిమిషానికి 500 లీటర్ల పొగ వదులుతోందనీ, గది తలుపులన్నీ మూసి ఉన్నాయనీ అనుకుందాం. పొగలో కార్బన్ మోనాక్సైడు మూడు శాతం ఉంటే నిమిషానికి 15 లీటర్లు. నాలుగు నిమిషాలలో 60 లీటర్లు చేరిపోతుంది! ఇంజనును సరిగ్గా సవరించి, పొగగొట్టంలో ఉత్ప్రేరక పరికరం అమర్చి దానిని 0.3 శాతానికి దించితే 40 నిమిషాలు పడుతుంది. పదిరెట్లు మేలే, కాని 40 నిమిషాలు ఒక రాత్రిపనిలో ఏపాటి? గాలి లోపలికి రావాలి, బయటకు పోవాలి. చిన్న గదులలో, వరండా మూలలలో ఈ యంత్రాన్ని నడపనే కూడదు. పెట్రోలుతో నడిచే చిన్న ఇంజన్ల గురించి అమెరికా ప్రభుత్వ సంస్థలు 1996లో చేసిన హెచ్చరిక ఇంకా కఠినమైనది. కిటికీలు తెరిచినా, ఫ్యాన్లు పెట్టినా సరే, వాటిని భవనం లోపల వాడవద్దన్నారు. దుకాణం వెనక గదిలో జనరేటరు పెట్టుకునేవారు, చలికాలంలో మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకునేవారు మనలోనూ ఉన్నారు. వాళ్ళు పీల్చేదీ ఇదే వాయువు.

దీని అణుభారం 28. గాలికి దాదాపు సమానం. ప్రొపేనులా కిందికి దిగదు, పైకీ పోదు, గదంతా కలిసిపోతుంది. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునే దానికన్న రెండు వందల రెట్లకు పైగా గట్టిగా దీనిని పట్టుకుంటుంది. గాలిలో ఆక్సిజన్ 21 శాతం. అందులో 210వ వంతు, అంటే 0.1 శాతం కార్బన్ మోనాక్సైడు ఉన్న గాలిని గంటల తరబడి పీలిస్తే, చివరకు హీమోగ్లోబిన్‌ను ఇవి రెండూ చెరిసగం పంచుకుంటాయి. ఆ స్థితిలో మనిషి బ్రతకడం కష్టం.

ఇంగ్లండులో జాన్ స్కాట్ హాల్డేన్ అనే శరీరశాస్త్రవేత్త ఈ విషవాయువును తానే పీల్చి చూసుకుని, ఆ ఫలితాలను 1895లో ప్రకటించాడు. (మీరు చేయరాని ప్రయోగాలలో ఇది మొదటిది.) మనిషి కన్న వేగంగా ఊపిరి తీసుకునే చిన్న ప్రాణులు ముందుగా సొమ్మసిల్లుతాయని గమనించి, గనులలోకి వాటిని తీసుకుపొమ్మన్నాడు. అట్లా బ్రిటన్ బొగ్గు గనులలోకి వెళ్ళిన కానరీ పిట్టలకు 1986 దాకా ఉద్యోగం ఉంది. ఆయన కొడుకు జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో మన దేశానికి వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరంలో చనిపోయాడు. పిట్టలకు బదులు ఈనాడు జేబులో పెట్టుకునే మీటరు ఉంది. అది మోగితే ఇంజను ఆపి బయటకు నడవాలి. మిగిలిన నేల తరువాత చూసుకోవచ్చు.

మొదట వచ్చేది తలనొప్పి. తరువాత తల తిరగడం, వికారం, కాళ్ళలో నిస్సత్తువ. రాత్రి పనివాడు ఇది నిద్రలేమి అనో, జలుబు జ్వరమనో అనుకుని పని సాగిస్తాడు. ఒకే చోట పనిచేసే ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళితే తగ్గుతోందంటే అది జ్వరం కాదు. అప్పుడు అందరినీ బయటి గాలిలోకి తీసుకురావాలి, వెంటనే వైద్యుణ్ణి పిలవాలి. మామూలు గాలిలో రక్తంలోని ఈ విషం సగానికి తగ్గడానికి నాలుగైదు గంటలు పడుతుంది. ఆసుపత్రిలో స్వచ్ఛమైన ఆక్సిజన్ పీలిస్తే సుమారు గంటంబావు చాలు.

ఇంకొక్క మాట. 2020 కోవిడ్ రోజుల నుంచి చాలా ఇళ్ళలో వేలికి తగిలించే ఆక్సీమీటరు ఉంది. దానిని చూసి ధైర్యపడకండి. అది రక్తం ఎరుపును కాంతితో కొలుస్తుంది. కార్బన్ మోనాక్సైడు పట్టుకున్న హీమోగ్లోబిన్ కూడా ఎర్రగానే ఉంటుంది గనుక, ఆ మనిషి ఊపిరాడక పడిపోతున్నా అది 98 అని చూపవచ్చు. ఆసుపత్రులలో ఈ రెంటినీ వేరు చేసి చూపే కో-ఆక్సీమీటరుతో రక్తాన్ని పరీక్షిస్తారు.