లైటు స్విచ్చి చోట ప్లగ్గు బోర్డు: పాత ఇళ్లలో ముందు చూడవలసింది న్యూట్రల్

రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, ఛాంపియన్ రీఫ్, మారికుప్పం వైపు పాత ఇళ్లలో ఉండే మనవాళ్లు మమ్మల్ని తరచూ ఒక మాట అడుగుతున్నారు. "గదికి ఒక్కటే లైటు స్విచ్చి ఉంది, సెల్లు ఛార్జింగుకు చోటు లేదు. ఆ స్విచ్చి తీసి, స్విచ్చి, ప్లగ్గు కలిసిన బోర్డు పెట్టుకోవచ్చా?" అని. పెట్టుకోవచ్చు. అయితే అది స్విచ్చి మార్చినంత సులువు కాదు. ఎందుకో చెబుతాం.

కరెంటు మన ఊరికి కొత్త కాదు. 1902లోనే కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 147 కిలోమీటర్లు తీగ లాగి మన బంగారు గనులకు కరెంటు తెచ్చారు. బెంగళూరు వీధుల్లో కరెంటు దీపాలు వెలిగింది ఆ తరువాత, 1905లో. కాని ఆ తొలి కరెంటు గనుల యంత్రాల కోసం వచ్చింది. ఇళ్లలో వైరింగు చేసిన రోజుల్లో గదికి ఒక బల్బు ఉంటే చాలనుకున్నారు. 2001లో గనులు మూతపడ్డాక ఎవరి ఇంటి మరమ్మతు వాళ్లదే అయింది.

అలాంటి బోర్డు విప్పితే చాలాసార్లు రెండే వైర్లు కనిపిస్తాయి. ఒకటి ఫేజు. రెండోది స్విచ్చి నుంచి బల్బుకు వెళ్లే వైరు. న్యూట్రల్ పైనుంచి నేరుగా బల్బు హోల్డరుకే పోతుంది, బోర్డులోకి దిగదు. స్విచ్చికి ఈ రెండు వైర్లు చాలు. ప్లగ్గుకు మాత్రం ఫేజు, న్యూట్రల్, ఎర్త్ మూడూ కావాలి.

ఇక్కడే పొరపాటు జరుగుతుంది. స్విచ్చి ఆపి టెస్టరు పెడితే బల్బుకు వెళ్లే వైరు మీద వెలగదు. అదే న్యూట్రల్ అనుకొని ప్లగ్గుకు కలిపేస్తారు. అప్పుడు లైటు వేసినంతసేపు ప్లగ్గు రెండు వైపులా ఫేజే ఉండి ఏదీ పనిచేయదు. లైటు ఆపితే ఛార్జరు బల్బుతో వరుసగా కలిసి, బల్బు మినుకుమంటుంది, సెల్లు సరిగా ఎక్కదు.

ఇంకొందరు న్యూట్రల్ లేదని ఎర్త్ వైరునో, నీళ్ల పైపునో వాడతారు. పని జరిగినట్టే ఉంటుంది. ప్రాణం మీదికి వచ్చేది అదే. మొన్న వానాకాలంలో మా సభ్యులొకరి ఇంట్లో గిన్నెలు కడుగుతున్న ఆవిడకు కొళాయి ముట్టుకోగానే షాకు కొట్టింది. చూస్తే ప్లగ్గుకు న్యూట్రల్ బదులు నీళ్ల పైపును కలిపి ఉన్నారు. దేవుడి దయవల్ల చెయ్యి వదిలింది. మన కోలారు నేల రాతినేల, ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతుంది. అప్పుడు ఎర్త్‌కు కలిపిన కరెంటు నేలలోకి సరిగా దిగక ఫ్రిజ్జు, గ్రైండరు ఒళ్లంతా పాకుతుంది.

గుమాస్తా ఉద్యోగంలో నియమాలు చదవడం మాకు అలవాటు కాబట్టి ఇదీ చెబుతాం. 1956 నాటి ఇండియన్ ఎలక్ట్రిసిటీ రూల్స్‌లో 45వ నియమం బల్బు, ఫ్యూజు, స్విచ్చి వంటివి ఉన్నవి ఉన్నట్టు మార్చుకోవచ్చని చెప్పింది. వైరింగు సామర్థ్యం గాని స్వరూపం గాని మారే పనిని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరుకే అప్పగించాలి. 2010లో వచ్చిన కేంద్ర నిబంధనల్లోనూ ఇదే మాట చెప్పారు. స్విచ్చికి స్విచ్చి వేయడం మొదటి రకం పని. కొత్తగా ప్లగ్గు చేర్చడం రెండో రకం.

కాబట్టి లైసెన్సు ఉన్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి, పక్కన నిలబడి ఇవి చూసుకోండి.

1. మెయిన్ ఆపి, ఫ్యూజులు తీసి జేబులో పెట్టుకున్నాకే బోర్డు విప్పాలి. టెస్టరు పనిచేస్తోందో లేదో ముందే మరో పాయింటు మీద చూడాలి.

2. బోర్డులో న్యూట్రల్ లేకపోతే పైనుంచి కొత్తగా లాగించండి. ఎర్త్ కూడా లాగించండి. పాత వైరు తొడుగు పెళుసుబారి రాలుతుంటే అదీ మార్చాలి.

3. రెండు స్విచ్చిలు, ఒక సాకెట్ ఉన్న బోర్డు తీసుకోండి. ఒక స్విచ్చి లైటుకు, ఒకటి ప్లగ్గుకు. ఒకే స్విచ్చి ఉన్నదైతే, దాన్ని లైటుకు వాడినప్పుడు ప్లగ్గులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. పిల్లలున్న ఇంట్లో అది వద్దు. రంధ్రాలకు షట్టరు ఉన్న సాకెట్, ఐ.ఎస్.ఐ. గుర్తు చూసి కొనండి.

4. సాకెట్‌ను ఎదురుగా చూస్తే పైన పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపు ఫేజు, ఎడమవైపు న్యూట్రల్. స్విచ్చి ఫేజు మీదే ఉండాలి.

5. 6 ఆంపియర్ల సాకెట్ 230 వోల్టుల మీద మోసేది 1380 వాట్లు. సెల్లు, టీవీ, టేబుల్ ఫ్యాను పెట్టుకోండి. 1500 వాట్ల నీళ్ల హీటరు వద్దు. దానికి మందమైన వైరుతో వేరే 16 ఆంపియర్ల పాయింటు ఉండాలి.

6. వీలైతే మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించండి. కరెంటు దారితప్పి నేలలోకి పోతే అది వెంటనే ఆపేస్తుంది.

రెండు వైర్లు అదనంగా లాగడానికి కూలి ఎక్కువవుతుందని కొందరు వెనకాడుతున్నారు. ఆ ఖర్చు ఒక్కసారిదే. పనిచేసే మనిషి "న్యూట్రల్ లేదు, ఎర్త్‌కు కలిపేస్తా" అంటే, పని అక్కడే ఆపించండి. ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇళ్లలో ఇలాంటి బోర్డు కనిపిస్తే వాళ్లకూ ఒక మాట చెప్పండి.