కెలూద్ పర్వతం: ఒక గుమ్మటం కథ

గుమ్మటం అనే మాట వినగానే మసీదో, సమాధి మందిరమో కళ్ళముందు నిలుస్తుంది. భూగర్భ శాస్త్రంలో ఈ మాటకు మరో అర్థం ఉంది. అగ్నిపర్వతం నుండి వెలువడే లావా బాగా చిక్కగా ఉన్నప్పుడు దూరం పారలేదు. బిలంలోనే పేరుకొని గుండ్రంగా పైకి లేస్తుంది. దానినే లావా గుమ్మటం అంటారు. ఇండోనేషియాలో, జావా ద్వీపపు తూర్పు భాగాన ఉన్న కెలూద్ పర్వతంపై 2007లో ఇటువంటిదొకటి పుట్టింది.

అంతకుముందు అక్కడ ఒక సరస్సు ఉండేది. కెలూద్ చరిత్రలో ఎక్కువ మందిని బలిగొన్నది నిప్పు కాదు, ఈ నీరే. 1919 మే నెలలో పర్వతం పేలినప్పుడు దాదాపు 4 కోట్ల ఘనపు మీటర్ల నీరు బూడిదను, బండరాళ్ళను కలుపుకొని వేడి బురద వరదగా దిగివచ్చింది. 5,000 మందికి పైగా మరణించారు. జావా ప్రజలు ఈ వరదను ‘లాహర్’ అంటారు. నేడు ప్రపంచమంతటా శాస్త్రజ్ఞులు వాడుతున్నది ఈ మాటనే.

ఆ తరువాత నాటి డచ్చి ప్రభుత్వం కొండను తొలిపించి, సొరంగాల ద్వారా నీటిని బయటికి వదిలించింది. సరస్సులో 20 లక్షల ఘనపు మీటర్లకు లోపే మిగిలింది. అందువల్ల 1951 విస్ఫోటనంలో పెద్ద లాహర్ రాలేదు. కాని ఆ పేలుడే సొరంగపు ముఖద్వారాన్ని చెరిపి, బిలాన్ని మరింత లోతు చేసింది. నీరు తిరిగి నిండింది. 1966లో 200 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. మరుసటి ఏడు ఇంకా దిగువన కొత్త సొరంగం పూర్తయింది.

2007 నవంబరులో, పెద్ద పేలుడేదీ లేకుండానే, సరస్సు నడుమ నల్లని లావా తలెత్తింది. కొద్ది నెలల్లో సుమారు 250 మీటర్ల ఎత్తుకు పెరిగి, దాదాపు నీటినంతా హరించింది. నీరు పోయినంత మాత్రాన ప్రమాదం పోలేదు. గుమ్మటం సీసాకు బిగించిన బిరడా వంటిది. దాని కింద వాయువుల ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది. 2014 ఫిబ్రవరి 13 రాత్రి ఆ గుమ్మటం తునాతునకలైంది. బూడిద 17 కిలోమీటర్లకు పైగా ఎగసింది. అయినా మృతుల సంఖ్య పదికి లోపే. పరిశీలకులు పేలుడుకు ముందే హెచ్చరించారు; వేలాది ప్రజలు వెంటనే ఊళ్ళు విడిచారు.

వారు తిరిగి అక్కడికే వచ్చారు. బూడిద కాలక్రమంలో సారవంతమైన నేలగా మారుతుంది. కెలూద్ పాదాన అనాస, చెరకు సమృద్ధిగా పండుతాయి. ఇప్పుడు గుమ్మటం లేదు. బిలంలో మళ్ళీ నీరు చేరింది. అందుచేత సొరంగాన్ని కాపాడుకోవడం, హెచ్చరికను చెవిని పెట్టడం అక్కడి ప్రజలకు నేటికీ ప్రాణావసరమే.