విశాఖపట్నంలో చూడదగిన ప్రదేశాలు

విశాఖపట్నం ఆంధ్ర ప్రదేశ్ రాష్ట్రములో బంగాళాఖాతము ఒడ్డున ఉన్న ప్రముఖ నగరము. దీనిని విశాఖ, వైజాగు అని కూడా పిలుస్తారు. ఒక ప్రక్క తూర్పు కనుమల కొండలు, మరొక ప్రక్క సముద్రము ఉండుట ఈ నగరము యొక్క ప్రత్యేకత. ఇక్కడ చూడదగిన ప్రదేశాలలో అధికభాగము ఈ రెండింటి కలయిక వలన ఏర్పడినవే. కొండ చాటున ఓడరేవు, కొండలపై ఆలయాలు, బౌద్ధారామాలు, కొండల దిగువన ఇసుక తీరాలు వరుసగా కనిపిస్తాయి.

డాల్ఫిన్స్ నోస్, ఓడరేవు

నగరమునకు దక్షిణాన సముద్రములోనికి చొచ్చుకొనిపోయిన పెద్ద కొండను డాల్ఫిన్స్ నోస్ అంటారు. దూరమునుండి చూచినపుడు డాల్ఫిన్ ముక్కువలె కనిపించుట వలన ఈ పేరు వచ్చింది. దీనిపై దీపస్తంభము ఉన్నది. ఈ కొండ అలల తాకిడిని, గాలిని అడ్డుకొనుట వలన దాని చాటున సహజమైన నౌకాశ్రయము ఏర్పడినది. ఇక్కడ నిర్మించిన ఓడరేవు 1933లో ప్రారంభమైనది. రేవు ముఖద్వారము వద్ద అలలను ఆపుటకు అప్పట్లో రెండు పాత ఓడలను ముంచి అడ్డుకట్టగా ఉపయోగించారు. సమీపములోని నౌకానిర్మాణ కేంద్రములో తయారైన 'జల ఉష' అను ఓడను 1948 మార్చి 14న అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ జలప్రవేశము చేయించారు.

రేవు ప్రక్కన మూడు చిన్న కొండలు ఉన్నాయి. ఒకదానిపై వేంకటేశ్వరస్వామి ఆలయము, ఒకదానిపై దర్గా, మరొకదానిపై మేరీమాత చర్చి కలవు. మూడింటిని ఒకే పూట చూడవచ్చును. వీటిపైనుండి రేవులోనికి వచ్చిపోయే ఓడలు స్పష్టముగా కనిపిస్తాయి.

రామకృష్ణా బీచి

నగరములో అందరికీ తెలిసిన తీరము ఇది. ప్రక్కనే రామకృష్ణ మిషన్ ఆశ్రమము ఉండుటచే ఈ పేరు వచ్చింది. సాయంకాలము నగరవాసులు ఎక్కువగా ఇక్కడకు వస్తారు. ఈ రోడ్డు వెంట ఈ క్రిందివి చూడదగినవి.

* కురుసుర జలాంతర్గామి: సోవియట్ యూనియన్‌లో తయారైన ఈ జలాంతర్గామి 1969 నుండి 2001 వరకు భారత నౌకాదళములో పనిచేసినది. 2002లో దీనిని ఒడ్డుకు చేర్చి ప్రదర్శనశాలగా మార్చారు. సందర్శకులు లోపలకు వెళ్ళి టార్పెడోలు ఉంచు గది, ఇంజన్లు, నావికుల పడకలు చూడవచ్చును. ఇంత ఇరుకైన చోట డెబ్బైకి పైగా నావికులు రోజుల తరబడి నీటి అడుగున ఉండేవారు.
* టి.యు-142 విమానము: సముద్రముపై నిఘాకు ఉపయోగించిన ఈ విమానము 2017లో విరమణ పొందినది. అదే సంవత్సరము కురుసురకు ఎదురుగా దీనిని ప్రదర్శనకు ఉంచారు.
* విక్టరీ ఎట్ సీ: 1971 భారత-పాకిస్తాన్ యుద్ధములో పాల్గొన్న నావికుల స్మారకము. ఆ యుద్ధకాలములోనే పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ తీరానికి సమీపములో మునిగిపోయింది.
* విశాఖ మ్యూజియము: పాత డచ్చి బంగళాలో ఏర్పాటు చేసిన ఈ ప్రదర్శనశాలలో ఉత్తరాంధ్ర చరిత్రకు చెందిన వస్తువులు ఉన్నాయి.

తీరపు కోత

రామకృష్ణా బీచిలో ఇసుక అన్ని సంవత్సరాలలో ఒకే విధముగా ఉండదు. సంవత్సరములో ఎక్కువకాలము అలలు నైరుతి దిక్కునుండి రావడము వలన ఇసుక తీరము వెంబడి ఉత్తరమునకు కదులుతూ ఉంటుంది. ఓడరేవు కొరకు సముద్రములోనికి కట్టిన రాతి కట్టలు ఈ ప్రవాహమును అడ్డుకొంటాయి. ఇసుక కట్టకు దక్షిణాన ఆగిపోగా, ఉత్తరాన ఉన్న బీచి కోతకు గురవుతుంది. అందువలన రేవులో త్రవ్వి తీసిన ఇసుకను తెచ్చి ఈ తీరములో వేస్తుంటారు. అనగా నగరమునకు ఉపాధినిచ్చిన రేవు, నగరమునకు అందమునిచ్చిన బీచి ఒకదానిపై ఒకటి ఆధారపడి ఉన్నాయి.

సముద్రస్నానములో జాగ్రత్తలు

ఈ తీరములో లోతు హఠాత్తుగా పెరుగుతుంది. ఒడ్డునుండి లోపలకు లాగివేసే నీటి ప్రవాహాలు కూడా ఉంటాయి. పైకి ప్రశాంతముగా కనిపించిన చోటనే ఈ లాగుడు బలముగా ఉండవచ్చును. ఈత వచ్చినవారు సైతము ఇక్కడ ప్రాణాలు కోల్పోయిన సంఘటనలు అనేకము జరిగాయి. చెరువులలో, కాలువలలో ఈదిన అనుభవము సముద్రములో సరిపోదు. కావున సముద్రము లేని జిల్లాలనుండి మొదటిసారి వచ్చేవారు హెచ్చరిక బోర్డులు ఉన్నచోట నీటిలో దిగరాదు. ప్రవాహములో చిక్కుకొన్నవారు ఎదురీదక, ఒడ్డుకు సమాంతరముగా ఈదుతూ దానినుండి తప్పుకొని, ఆ తరువాత ఒడ్డుకు రావలెను.

భీమిలి మార్గము

నగరమునుండి ఉత్తరమునకు భీమునిపట్నము వరకు సుమారు 25 కి.మీ. రోడ్డు సముద్రము వెంటనే సాగుతుంది. దారిలో వరుసగా ఈ ప్రదేశాలు వస్తాయి.

కైలాసగిరి: కొండపై ఉద్యానవనము, పెద్ద శివపార్వతుల విగ్రహాలు ఉన్నాయి. రోప్‌వే ద్వారా కూడా పైకి చేరవచ్చును. ఇక్కడినుండి తీరపు వంపు పూర్తిగా కనిపిస్తుంది.

ఋషికొండ: పడవ విహారమునకు, జలక్రీడలకు ప్రసిద్ధి. ఈ బీచికి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు లభించింది.

తొట్లకొండ: రాతిలో తొలిచిన నీటి తొట్లు ఉండుట వలన ఈ పేరు వచ్చింది. సుమారు రెండువేల సంవత్సరాల క్రితము ఇక్కడ బౌద్ధభిక్షువులు నివసించారు. స్తూపము, విహారాల పునాదులు, సమావేశ మందిరపు అవశేషాలు త్రవ్వకాలలో బయటపడినవి. రోమను నాణేలు కూడా దొరుకుటచే ఆనాటి సముద్ర వ్యాపారముతో ఈ ఆరామమునకు సంబంధము ఉన్నదని తెలుస్తున్నది. సమీపములోని బావికొండ కూడా ఇటువంటిదే.

ఎర్రమట్టి దిబ్బలు: వేల సంవత్సరాలలో సముద్రమట్టపు మార్పుల వలన, గాలి వలన పోగుపడిన ఇసుక దిబ్బలివి. ఇనుము ఆక్సైడు పట్టుట వలన ఎర్రబారినవి. వర్షపు నీరు కోయుటచే లోతైన పాయలు ఏర్పడినవి. ఇవి జాతీయ భూవారసత్వ స్థలముగా గుర్తింపు పొందినవి. 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలో కూడా చేరినవి. ఈ దిబ్బలు ఎంత పాతవో అంత పెళుసైనవి. కావున గట్లపైకి ఎక్కుట, మట్టిని త్రవ్వుట చేయరాదు.

భీమునిపట్నము: పదిహేడవ శతాబ్దములో డచ్చివారు స్థావరము ఏర్పరచుకొన్న పట్టణము. ఇక్కడి డచ్చి సమాధులు, దీపస్తంభము చూడదగినవి. గోస్తని నది ఇక్కడ సముద్రములో కలుస్తుంది.

సింహాచలము

నగరమునకు సమీపములోని కొండపై వరాహలక్ష్మీ నరసింహస్వామి ఆలయము ఉన్నది. స్వామివారి మూర్తి సంవత్సరమంతా చందనపు పూతలో ఉంటుంది. వైశాఖమాసములో అక్షయతృతీయనాడు మాత్రమే నిజరూప దర్శనము లభిస్తుంది. ఇక్కడి శాసనాలలో 1098 నాటి చోళ శాసనము, శ్రీకృష్ణదేవరాయల శాసనాలు ముఖ్యమైనవి.

బొర్రా గుహలు, అరకు

నగరమునుండి కిరండూల్ వెళ్ళే రైలుమార్గము అనేక సొరంగాల గుండా తూర్పు కనుమలను ఎక్కుతుంది. ఉదయము విశాఖలో బయలుదేరే రైలులో బొర్రా గుహలు, అరకులోయ చేరుకోవచ్చును. 2022 నుండి ఇవి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. సున్నపురాతిని నీరు కరిగించుట వలన ఏర్పడిన బొర్రా గుహల వద్ద ప్రవహించే నది గోస్తనియే. కొండలలో ఈ గుహలను, తీరాన భీమిలిని చూచినవారు ఒకే నదిని రెండుచోట్ల చూచినట్లగును.

ప్రయాణము, కాలము

సికింద్రాబాదు నుండి విశాఖపట్నమునకు రైలులో సుమారు 700 కి.మీ. దూరము. గోదావరి ఎక్స్‌ప్రెస్ సాయంకాలము బయలుదేరి మరునాటి ఉదయానికి చేరుతుంది. తెలంగాణలోని కామారెడ్డి, గాంధారి వంటి ప్రాంతాలవారికి సికింద్రాబాదు మీదుగా ఈ మార్గము అనుకూలము. నవంబరు చివరినుండి ఫిబ్రవరి వరకు వాతావరణము చల్లగా ఉంటుంది. అక్టోబరు, నవంబరు మాసాలలో తుఫానులు రావచ్చును. 2014 అక్టోబరు 12న తీరము దాటిన హుద్‌హుద్ తుఫాను ఈ నగరమును తీవ్రముగా నష్టపరచింది. కావున ఆ మాసాలలో బయలుదేరుటకు ముందు వాతావరణ హెచ్చరికలు చూచుకొనుట మంచిది.