ప్లేట్‌లెట్ల లెక్క కాదు, పనితీరు చూడాలి

డెంగీ అనగానే మన ఇళ్లలో వినిపించే మొదటి ప్రశ్న "ప్లేట్‌లెట్లు ఎంతున్నాయి?" అనేదే. వాంతులు ఆగాయా, మూత్రం సరిగ్గా వస్తోందా, కడుపులో నొప్పి ఉందా అని అడిగేవాళ్లు తక్కువ. రాజమండ్రిలో మా తమ్ముడికి డెంగీ వచ్చినప్పుడు నాకొచ్చిన ఫోన్లలో అన్నీ అంకెలే. "వదినా, పొద్దున అరవై వేలున్నాయి, సాయంత్రానికి నలభై రెండుకొచ్చాయి. ఇంకా పడిపోతే ఏం చెయ్యాలి?" అని మరదలు ఒకటే ఏడుపు. ఒకపక్క దాతల కోసం వాట్సాప్ గ్రూపుల్లో వెతుకులాట, ఇంకోపక్క బొప్పాయి ఆకు రసం.

నేనుండేది సింగపూర్‌లోని సెంగ్‌కాంగ్‌లో. రక్త పరీక్షల ల్యాబ్‌లో టెక్నాలజిస్టుని. ఆ అంకెలు రోజూ నా చేతుల మీదుగానే బయటికి వెళతాయి. వాటికి ఎంత విలువ ఇవ్వాలో, ఎక్కడ ఆగాలో మనవాళ్లకు వివరంగా చెప్పాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. అది చెప్పాలంటే ప్లేట్‌లెట్ ఎలా పనిచేస్తుందో తేల్చడానికే దశాబ్దాలు వెచ్చించిన డాక్టర్ ఎ. కోనేటి రావు గారి పరిశోధన గురించి చెప్పాలి.

ముందు ప్లేట్‌లెట్ సంగతి చూద్దాం. ఎముక మజ్జలో మెగాకారియోసైట్లనే పెద్ద కణాలుంటాయి. వాటి నుంచి విడిపోయిన చిన్న తునకలే ప్లేట్‌లెట్లు. ఒక్కోటి రెండు మూడు మైక్రాన్లు ఉంటుంది, లోపల కేంద్రకం ఉండదు. ఏడు నుంచి పది రోజులు బతుకుతుంది. ఆరోగ్యవంతుల రక్తంలో మైక్రోలీటరుకు లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షల దాకా ఉంటాయి. వేలు తెగిన చోట ఇవే ముందుగా చేరి, అతుక్కుని, తమలోని రసాయనాలను వదిలి మిగతావాటిని పిలుస్తాయి. అన్నీ కలిసి గుంపు కడితే గాయం మూసుకుంటుంది. ఇటలీ శాస్త్రవేత్త జూలియో బిజ్జొజెరో 1882లోనే ఈ పనిని సూక్ష్మదర్శినిలో చూసి రాశాడు. కానీ ఆ పిలుపు కణం లోపల ఎలా పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో తేలడానికి ఇంకో వందేళ్లు పట్టింది.

కోనేటి రావు గారు పనిచేసింది అమెరికాలోని ఫిలడెల్ఫియాలో, టెంపుల్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో. అక్కడి సోల్ షెర్రీ థ్రాంబోసిస్ పరిశోధన కేంద్రం రక్తం గడ్డకట్టే విషయంలో ప్రపంచం గుర్తించిన చోటు. ఆ కేంద్రానికి పేరిచ్చిన సోల్ షెర్రీ, స్ట్రెప్టోకైనేజ్‌తో రక్తపు గడ్డలను కరిగించవచ్చని చూపిన తొలితరం వైద్యుల్లో ఒకరు.

రావు గారి పేరు గుండె వైద్యులందరికీ తెలియకపోవచ్చు. ఆయన పని మాత్రం వాళ్లు రోజూ వాడుతూనే ఉన్నారు. 1980లలో అమెరికాలో 'టిమి' పేరుతో గుండెపోటు మందులపై పెద్ద పరీక్ష జరిగింది. గడ్డను కరిగించే రెండు మందుల్లో ఏది మెరుగో చూశారు. గడ్డను కరిగించే మందు ఇస్తే రక్తస్రావం ముప్పు కూడా ఉంటుంది. ఆ రక్తస్రావం ఎంత, ఎందుకు అన్నది లెక్కకట్టిన 1988 నాటి పత్రంలో మొదటి పేరు రావు గారిదే. మెదడులో రక్తం కారినా, హిమోగ్లోబిన్ 5 గ్రాములకు పైగా పడిపోయినా 'పెద్ద రక్తస్రావం' అనే కొలబద్ద ఆ పరీక్షల నుంచి వచ్చిందే. రక్తాన్ని పల్చబరిచే కొత్త మందు ఏది వచ్చినా, దాని భద్రతను బేరీజు వేసేటప్పుడు 'టిమి' కొలత నేటికీ కనిపిస్తుంది.

ఆయన మనసంతా మాత్రం ఇంకో రకం రోగుల మీద ఉంది. చిన్న దెబ్బకే ఒళ్లు కమిలిపోయేవాళ్లు, పన్ను పీకించుకుంటే గంటల తరబడి రక్తం ఆగనివాళ్లు, నెలసరిలో విపరీతంగా రక్తం పోయే ఆడపిల్లలు. వీళ్లలో చాలామందికి ప్లేట్‌లెట్ల సంఖ్య మామూలుగానే ఉంటుంది. రిపోర్టు చూసి "అంతా బాగానే ఉందమ్మా" అని పంపించేస్తారు. ఆ మాట విని ఇంటికెళ్లినవాళ్లు ప్రసవంలోనో, ఆపరేషన్‌లోనో ప్రమాదంలో పడతారు.

ఈ లోపం బయటపడాలంటే సంఖ్య చూపించే యంత్రం చాలదు. 1962లో గుస్టావ్ బార్న్ అనే శాస్త్రవేత్త కనిపెట్టిన పద్ధతి ఒకటుంది. మా ల్యాబుల్లో నేటికీ దానిదే పెద్దపీట. నీలం మూత ట్యూబులో రక్తం తీసుకుంటాం. దాన్ని కుదపకూడదు, ఫ్రిజ్‌లో పెట్టకూడదు, నాలుగు గంటల్లోపు పని పూర్తవ్వాలి. నెమ్మదిగా తిప్పితే ఎర్రకణాలు అడుగుకు చేరి, పైన మసకగా ఉన్న పసుపు రంగు ప్లాస్మా మిగులుతుంది. ఆ మసకే ప్లేట్‌లెట్లు. దాన్ని 37 డిగ్రీల వేడిలో ఉంచి, లోపల చిన్న ఇనుప పుల్లతో తిప్పుతూ, ఒకవైపు నుంచి వెలుతురు పంపిస్తాం. మొదట వెలుతురు సరిగ్గా దాటదు. ఏడీపీ అనే రసాయనం కాస్త కలపగానే ప్లేట్‌లెట్లు గుంపులు కట్టి, మసక విడిపోయి, వెలుతురు దాటడం మొదలవుతుంది. తెర మీద గీత జరజరా కదులుతుంది. లోపమున్నవాళ్ల రక్తంలో ఆ గీత కొంచెం కదిలి, మళ్లీ వెనక్కి వచ్చేస్తుంది. ప్లేట్‌లెట్లు కలవబోయి విడిపోయాయన్నమాట.

రావు గారి ప్రశ్న అక్కడే మొదలైంది. ఇంటి గుమ్మంలో బెల్లు నొక్కితే లోపల మోగాలి. బటను బాగుంది, గంటా బాగుంది, మరి మోగలేదంటే తీగ ఎక్కడో తెగింది. ప్లేట్‌లెట్ ఉపరితలం మీది గ్రాహకానికీ, లోపల జరగాల్సిన పనికీ మధ్య ఉన్న ఆ తీగనే ఆయన ఒక్కో రోగిలో ఓపిగ్గా తడిమి చూశారు. 1989లో ఒకే కుటుంబానికి చెందిన ఇద్దరిలో ప్లేట్‌లెట్ లోపల కాల్షియం పెరగాల్సినంత పెరగడం లేదని చూపించారు. 1996లో అలాంటి లోపానికి ఫాస్ఫోలైపేజ్ సి బీటా-2 అనే ఎంజైము తగ్గడం కారణమని సహచరులతో కలిసి తేల్చారు. 1997లో మరో రోగిలో జీ-ఆల్ఫా-క్యూ అనే ప్రోటీన్ కొరతను గుర్తించారు. గ్రాహకం అందుకున్న కబురును లోపలికి మోసేది ఆ ప్రోటీనే.

అన్నిటికంటే నన్ను కదిలించింది ఇంకో రోగి కథ. 1996లో ఆయన బృందం ఒకరి గురించి రాసింది. ఆ రోగి ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి పట్టుకునేందుకు సిద్ధం కావడం లేదు, లోపలి కబురు మధ్యలోనే ఆగిపోతోంది. పత్రం అచ్చయింది కదా అని ఫైలు మూసెయ్యలేదు. ఎనిమిదేళ్ల తర్వాత, 2004లో, అదే రోగిలో అసలు కారణం పట్టుకున్నారు. రంక్స్1 అనే జన్యువులో మార్పు ఉంది, దానివల్ల పీకేసీ-తీటా అనే ప్రోటీన్ తగ్గిపోయింది. ఆ తర్వాత ఆయన ల్యాబ్ ఈ ఒక్క జన్యువు ప్లేట్‌లెట్‌లోని ఏయే భాగాలను శాసిస్తుందో ఒకటొకటిగా బయటపెడుతూ వచ్చింది. 2010లో వచ్చిన అలాంటి ఒక పత్రంలో మొదటి పేరు జలగడుగుల గౌతమి గారిది.

రంక్స్1 సంగతి తెలియడం రోగికి ఎందుకు ముఖ్యం? ఈ జన్యు లోపం వంశపారంపర్యంగా వచ్చిన కుటుంబాల్లో రక్త క్యాన్సర్ ముప్పు చాలా ఎక్కువని 1999లోనే తేలింది. తేలిగ్గా ఒళ్లు కమలడమే అలాంటి ఇంట్లో తొలి హెచ్చరిక కావచ్చు. ముందే తెలిస్తే క్రమం తప్పకుండా పరీక్షలు చేయించుకోవచ్చు. ఎముక మజ్జ మార్పిడి అవసరమైనప్పుడు, అదే లోపమున్న తోబుట్టువు దగ్గర తీసుకోకుండా జాగ్రత్తపడవచ్చు. పుట్టుకతో ప్లేట్‌లెట్ల పనితీరులో లోపమున్నవాళ్లకు డెస్మోప్రెసిన్ అనే మందు ఎంతవరకు పనికొస్తుందో కూడా రావు గారు పరీక్షించి 1995లో ప్రచురించారు. కారణం వెతకడంతో పాటు చికిత్స మీదా ఆయనకు అంతే శ్రద్ధ.

సోల్ షెర్రీ కేంద్రంలోనే కూనపులి సత్య గారి పనీ అంతే విలువైనది. ఏడీపీ ప్లేట్‌లెట్‌ను రేపాలంటే పి2వై1, పి2వై12 అనే రెండు గ్రాహకాలూ కలిసి పనిచేయాలని 1998లో ఆయన బృందం చూపింది. స్టెంట్ వేయించుకున్న మన పెద్దవాళ్లు రోజూ వేసుకునే క్లోపిడోగ్రెల్ మాత్ర ఆ రెండో గ్రాహకాన్నే మూసేస్తుంది. ఆ మాత్రను కాలేయం మార్చిన తర్వాతే అది పనిచేస్తుంది. ఆసియావాసుల్లో చాలామందికి ఆ మార్పు జన్యుపరంగా తక్కువగా జరుగుతుంది. అయినా మాత్రను సొంతంగా ఆపడం, మార్చడం కూడదు, డాక్టరుతో మాట్లాడాలి.

ఇప్పుడు మళ్లీ డెంగీ దగ్గరికి వద్దాం. సెంగ్‌కాంగ్‌లో కూడా డెంగీ మాకు కొత్త కాదు. ఒక చోట పది కంటే తక్కువ కేసులుంటే పసుపు బ్యానరు, పది చేరితే ఎర్ర బ్యానరు కడతారు. ఎర్రది కనిపించగానే పూలకుండీల కింది పళ్లేలు ఖాళీ చేస్తాం. 2020లో ఒక్క ఏడాదిలో ఈ దేశంలో 35 వేలకు పైగా డెంగీ కేసులొచ్చాయి. అందుకే ప్లేట్‌లెట్లు ఎక్కించాలా వద్దా అన్న ప్రశ్నకు ఇక్కడి వైద్యులు గట్టి జవాబు వెతికారు. డాక్టర్ డేవిడ్ లై బృందం సింగపూర్, మలేసియాల్లోని ఐదు ఆసుపత్రుల్లో 372 మంది పెద్దవాళ్ల మీద అధ్యయనం చేసి 2017లో 'లాన్సెట్'లో ప్రచురించింది. అందరికీ ప్లేట్‌లెట్లు 20 వేలు లేదా అంతకంటే తక్కువే, పెద్ద రక్తస్రావం మాత్రం లేదు. సగం మందికి ముందు జాగ్రత్తగా ప్లేట్‌లెట్లు ఎక్కించారు, సగం మందికి ఎక్కించలేదు. ఎక్కించినవాళ్లలో 21 శాతం మందికి, ఎక్కించనివాళ్లలో 26 శాతం మందికి రక్తస్రావం కనిపించింది. గణాంకాల లెక్కలో ఆ తేడా నిలబడలేదు. దుష్ప్రభావాలు మాత్రం ఎక్కించినవాళ్లలో 13, ఎక్కించనివాళ్లలో 2.

ఫిలడెల్ఫియాలో సంఖ్య బాగున్నా రక్తం ఆగనివాళ్లు. సింగపూర్‌లో సంఖ్య ఇరవై వేలకు పడిపోయినా ఎక్కువమందికి రక్తస్రావం లేదు. రెండు చోట్లా తేలింది ఒకటే: అంకె ఒక్కదాన్ని పట్టుకుని రోగి పరిస్థితి నిర్ణయించలేం. పైగా అంకె కూడా కొన్నిసార్లు మోసం చేస్తుంది. ఊదా మూత ట్యూబులోని ఈడీటీఏ అనే రసాయనం వల్ల కొందరి ప్లేట్‌లెట్లు గుంపు కడతాయి. యంత్రం ఆ గుంపును లెక్కలోకి తీసుకోలేక ముప్పై వేలని చూపిస్తుంది. స్లైడు మీద చూస్తే అంచుల్లో గుత్తులు గుత్తులుగా కనిపిస్తాయి. అప్పుడు నీలం మూత ట్యూబులో మళ్లీ రక్తం తీసి లెక్కపెడతాం. అనుకోకుండా బాగా తక్కువ అంకె వస్తే "స్లైడు చూశారా?" అని అడగడం మీ హక్కు.

డెంగీలో అసలు ప్రమాదం ఎక్కువగా రక్తనాళాల నుంచి ప్లాస్మా బయటికి కారిపోవడం వల్ల వస్తుంది. జ్వరం తగ్గుముఖం పట్టే రోజుల్లోనే అది మొదలవుతుంది. "జ్వరం తగ్గింది, ఇక ఫర్వాలేదు" అనుకునే ఆ ఒకటి రెండు రోజులే కీలకం. ఆగని కడుపునొప్పి, మళ్లీ మళ్లీ వాంతులు, చిగుళ్ల నుంచో ముక్కు నుంచో రక్తం, విపరీతమైన నీరసం, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా ప్లేట్‌లెట్ల సంఖ్య ఎంతున్నా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి వెళ్లాలి. జ్వరానికి పారాసిటమాల్ మాత్రమే. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ ముట్టుకోవద్దు, అవి ఉన్న ప్లేట్‌లెట్ల పనితీరునే దెబ్బతీస్తాయి. రక్తం కారుతున్నప్పుడు ప్లేట్‌లెట్లు ఎక్కించడం ప్రాణం కాపాడుతుంది, ఆ నిర్ణయం డాక్టర్లది. కేవలం అంకె చూసి ఎక్కించమని వాళ్ల మీద ఒత్తిడి తేవద్దు. దానం చేసిన ప్లేట్‌లెట్లు సాధారణంగా ఐదు రోజులే నిలవుంటాయి. ఒకరికి అనవసరంగా ఎక్కిస్తే, క్యాన్సర్ వార్డులో నిజంగా అవసరమైన పిల్లవాడికి అందకుండా పోవచ్చు.

మీ ఇంట్లో ఎవరికైనా చిన్నప్పటి నుంచీ ఒళ్లు తేలిగ్గా కమిలిపోతున్నా, పన్ను పీకినప్పుడు రక్తం ఆగకపోయినా, నెలసరి ఏడెనిమిది రోజులు దాటి ధారగా పోతున్నా, "సంఖ్య బాగానే ఉంది" అన్న మాటతో ఊరుకోకండి. ప్లేట్‌లెట్ల పనితీరు పరీక్ష చేయించమని రక్త వ్యాధుల నిపుణులను అడగండి.